ఒక కాలే వాచిందా?

వరి కోస్తూ ఉంటాం. కొడవలి తగిలి వేలు తెగుతుంది. రక్తం బొటబొటా కారుతుంది. గుడ్డపేలిక చుట్టి గట్టిగా పట్టుకుంటాం. కాసేపటికి రక్తం ఆగిపోతుంది. తెగిన చోట ఎర్రగా, చిక్కగా ఒక పొర కడుతుంది. నాలుగు రోజులకు అదే ఎండి, పొక్కు కట్టి రాలిపోతుంది.

ఆ రక్తాన్ని ఎవరు ఆపారు? మన రక్తమే ఆపుకుంది. దీన్నే రక్తం గడ్డ కట్టడం అంటారు. ఇది చీము పట్టే కురుపు గడ్డ కాదు. పాలు తోడుకున్నట్టు, రక్తం చిక్కబడి ముద్ద కావడం.

ఈ గుణం మన రక్తానికి లేకపోతే ఏమయ్యేది? చిన్న గాయానికే ప్రాణం పోయేది. కాన్పులో ఏ తల్లీ బతికేది కాదు.

కానీ ఒక్కోసారి గాయం లేకుండానే రక్తం గడ్డ కడుతుంది. బయట కాదు, లోపల, రక్తనాళంలో కడుతుంది. అప్పుడు అది మేలు చేయదు. కీడు చేస్తుంది. ఇది ఎవరికైనా రావచ్చు. కడుపుతో ఉన్నవాళ్లకూ, బాలింతలకూ ఎక్కువగా వస్తుంది. అందుకే ఈ పాఠం మనం తప్పక చదవాలి.

రక్తం ఎలా గడ్డ కడుతుంది?

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అది రక్తనాళాల్లో తిరుగుతూ ఉంటుంది. గుండె నుంచి ఒళ్లంతా పోతుంది. మళ్లీ గుండెకు వస్తుంది. గుండెకు రక్తాన్ని తిరిగి తెచ్చే నాళాలను సిరలు అంటారు.

రక్తంలో ప్లేట్‌లెట్లు అనే చిన్న చిన్న కణాలు ఉంటాయి. డెంగీ జ్వరం వచ్చినప్పుడు ఈ మాట వినే ఉంటారు. ఆవగింజంత రక్తపు చుక్కలో ఇవి లక్షలకొద్దీ ఉంటాయి. రక్తనాళం తెగగానే ఇవి అక్కడికి చేరతాయి. ఒకదానికొకటి అతుక్కుని కన్నానికి అడ్డం పడతాయి.

తరువాత రక్తంలో కరిగి ఉన్న ఒక పదార్థం సన్నని పీచులా మారుతుంది. ఆ పీచు వలలా అల్లుకుంటుంది. వలలో చేపలు చిక్కినట్టు రక్తకణాలు అందులో చిక్కుతాయి. అదే రక్తపు గడ్డ. గాయం మానాక ఒళ్లే ఆ గడ్డను మెల్లగా కరిగించేస్తుంది.

చూశారా! కట్టడం తెలుసు, కరిగించడం తెలుసు. మన ఒళ్లు ఈ రెండు పనులూ రోజూ చేసుకుంటూనే ఉంటుంది.

లోపల గడ్డ కడితే ఏమవుతుంది?

పంట కాలువను తలుచుకోండి. నీళ్లు జోరుగా పారుతుంటే చెత్త నిలవదు. పారుదల మందగిస్తే గుర్రపుడెక్క పెరుగుతుంది. కాలువకు అడ్డం పడుతుంది. నీళ్లు వెనక్కి ఎగదన్ని గట్టు మీదికి వస్తాయి.

కాలి లోపలి సిరలో గడ్డ కట్టినా ఇలాగే జరుగుతుంది. కిందినుంచి పైకి పోవలసిన రక్తం ఆగిపోతుంది. కాలు వాస్తుంది. పిక్క నొప్పి పెడుతుంది. తాకితే వేడిగా ఉంటుంది. చర్మం ఎర్రగానో, నల్లగానో మారుతుంది. ఆస్పత్రి చీటీలో దీన్ని డీవీటీ అని రాస్తారు.

అసలు ప్రమాదం ఇంకొకటి ఉంది. కాలిలోని గడ్డలో ఒక ముక్క తెగవచ్చు. అది రక్తంతో పాటు పైకి పోతుంది. గుండెలోంచి ఊపిరితిత్తులకు చేరుతుంది. అక్కడి రక్తనాళానికి అడ్డం పడుతుంది. అప్పుడు ఉన్నట్టుండి ఆయాసం వస్తుంది. గాలి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టు ఉంటుంది. దగ్గితే రక్తం పడవచ్చు. స్పృహ తప్పవచ్చు. ఆలస్యం చేస్తే ప్రాణమే పోవచ్చు.

అంటే కాలి వాపు కాలితో ఆగదు. అందుకే దాన్ని మొదట్లోనే పట్టుకోవాలి.

ఎవరికి ఎక్కువగా వస్తుంది?

కడుపుతో ఉన్నప్పుడు ఆడవాళ్ల రక్తానికి గడ్డ కట్టే గుణం పెరుగుతుంది. ఇది ప్రకృతి చేసిన ఏర్పాటు. కాన్పులో మాయ పడ్డాక రక్తం తొందరగా ఆగాలి కదా! ఆ మేలు వెనకే ఈ ప్రమాదం ఉంది. పైగా పెరిగిన గర్భసంచి కాళ్లనుంచి వచ్చే సిరలను నొక్కుతుంది. రక్తం పైకి పోవడం మందగిస్తుంది. గర్భిణులకు ఎక్కువగా ఎడమ కాలిలోనే గడ్డ కడుతుంది.

కాన్పు అయిపోతే ప్రమాదం అయిపోయినట్టు కాదు. ఇంకా 6 వారాల దాకా జాగ్రత్తగా ఉండాలి. మొదటి 3 వారాలు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆపరేషన్ చేసి బిడ్డను తీసినవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ.

వీళ్లు కూడా జాగ్రత్తగా ఉండాలి:
• పెద్ద ఆపరేషన్ అయినవాళ్లు.
• కాలు విరిగి సిమెంటు కట్టు వేసుకున్నవాళ్లు.
• చాలా రోజులు మంచాన పడినవాళ్లు.
• క్యాన్సర్ ఉన్నవాళ్లు.
• ఇదివరకు ఒకసారి గడ్డ కట్టినవాళ్లు. ఇంట్లో అమ్మకో, అక్కకో గడ్డ కట్టినవాళ్లు.
• బస్సులో, రైలులో గంటల తరబడి కదలకుండా కూర్చున్నవాళ్లు.

బిడ్డలు పుట్టకుండా వాడే కొన్ని బిళ్లలు కూడా గడ్డ కట్టే గుణాన్ని పెంచుతాయి. మాలా-ఎన్ అలాంటిదే. చాలామందికి వాటివల్ల ఏ ఇబ్బందీ రాదు. కానీ ఇదివరకు గడ్డ కట్టినవాళ్లు వాటిని వాడకూడదు. బాలింతలు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. కాపర్-టి లాంటి వేరే పద్ధతులు ఉన్నాయి.

అత్తా, కోడలు, నర్సమ్మ

ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకుందాం. కోడలికి కాన్పయి పన్నెండు రోజులైంది. ఎడమ కాలు వాచింది. అత్త ఆముదం వేడి చేసి కాలు రుద్దబోతోంది. అంతలో నర్సమ్మ బిడ్డను చూడటానికి వచ్చింది.

నర్సమ్మ : ఆగండి పెద్దమ్మా! కాలు రుద్దకండి. ఎన్నాళ్ల నుంచి వాచింది?

అత్త : నిన్నటి నుంచమ్మా. బాలింత ఒళ్లు కదా, నీరు పట్టింది. రెండు రోజులు గట్టిగా రుద్దితే అదే తీస్తుంది.

నర్సమ్మ : నీరు పడితే రెండు కాళ్లకూ పట్టాలి కదా! ఈమెకు ఒక కాలే ఎందుకు వాచింది?

అత్త : అవును సుమా! నేను అంత దూరం ఆలోచించలేదు.

(నర్సమ్మ టేపు తీసి రెండు పిక్కలూ కొలిచింది. ఎడమ పిక్క 3 సెంటీమీటర్లు ఎక్కువ ఉంది.)

కోడలు : నడుస్తుంటే పిక్క పట్టేస్తోందక్కా. తాకితే కాలుతోంది.

నర్సమ్మ : ఆయాసం ఏమైనా ఉందా? ఛాతీలో నొప్పి?

కోడలు : లేదక్కా.

నర్సమ్మ : మంచిది. అయినా ఇవాళే పెద్దాస్పత్రికి పోవాలి. లోపల రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. రుద్దితే ఆ గడ్డ కదిలి పైకి పోవచ్చు.

అత్త : పురిటి శుద్ధి పూర్తిగా కాలేదు. పసిబిడ్డతో గడప ఎలా దాటిస్తాం తల్లీ? నెల వెళ్లాక పోతే కాదా?

నర్సమ్మ : పెద్దమ్మా, మీరు కోడలిని కళ్లలో పెట్టుకుని చూస్తున్నారు. అది నాకు తెలుసు. కానీ ఈ జబ్బు నెల దాకా ఆగదు. పొద్దున కాలిలో ఉన్నది సాయంత్రానికి ఊపిరితిత్తుల్లో ఉండవచ్చు. బిడ్డను కూడా తీసుకుపోదాం. పాలు ఇస్తూనే వైద్యం చేయించుకోవచ్చు.

అత్త : అయితే ఇంకేం! పద, నేనూ వస్తాను. 108కు ఫోను చెయ్యమను.

అత్త మాట విన్నారు కదా! ఆమె మొండికేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఒక మాట. రెండు కాళ్లూ, ముఖమూ వాచినా ఊరుకోకూడదు. దానితో పాటు తలనొప్పి, కళ్లు మసకలు ఉంటే రక్తపోటు పెరిగి ఉండవచ్చు. గుర్రపు వాతం రావచ్చు. అప్పుడూ వెంటనే ఆస్పత్రికే పోవాలి.

ఆస్పత్రిలో ఏం చేస్తారు?

మొదట స్కానింగ్ చేస్తారు. కడుపులో బిడ్డను చూసే స్కానింగ్ లాంటిదే ఇది. కాలి మీద జిగురులాంటి మందు రాసి, చిన్న పరికరం ఆనించి చూస్తారు. నొప్పి ఉండదు. సిరలో రక్తం పారుతోందా, ఆగిందా అన్నది తెరమీద కనిపిస్తుంది. ఊపిరితిత్తుల మీద అనుమానం ఉంటే ఛాతీకి వేరే స్కానింగ్ చేస్తారు.

గడ్డ ఉందని తేలితే వెంటనే హెపారిన్ అనే మందు మొదలుపెడతారు. ఇది సూదిమందు. ఎక్కువగా పొట్ట మీది చర్మం కింద ఇస్తారు. తరువాత వార్ఫరిన్ అనే బిళ్లలు ఇస్తారు. ఈ బిళ్ల పని మొదలుపెట్టడానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే అప్పటిదాకా సూదీ, బిళ్లా రెండూ నడుస్తాయి. ఈ రెండు మందులు వాడుతూ బిడ్డకు పాలు ఇవ్వవచ్చు.

ఇప్పుడు కొత్త రకం బిళ్లలు కూడా వచ్చాయి. కానీ పాలిచ్చే తల్లులకు వాటిని సాధారణంగా ఇవ్వరు. అందుకే "నేను బిడ్డకు పాలిస్తున్నాను" అని డాక్టరుకు ముందే చెప్పాలి.

ఈ మందులు ఏం చేస్తాయి? రక్తాన్ని పల్చన చేస్తాయని అంటుంటారు. నిజానికి ఇవి రక్తంలో నీళ్లు కలపవు. గడ్డ పెరగకుండా ఆపుతాయి. కొత్త గడ్డ కట్టకుండా చూస్తాయి. ఉన్న గడ్డను మన ఒళ్లే మెల్లగా కరిగించుకుంటుంది. దానికి వారాలు, నెలలు పడుతుంది. అందుకే వాపు తగ్గినా మందు మానకూడదు. మామూలుగా కనీసం 3 నెలలు వాడాలి. కొందరు ఇంకా ఎక్కువ కాలం వాడాలి. ఎప్పుడు ఆపాలో డాక్టరు చెప్పాలి. మనం ఆపకూడదు.

గడ్డ ఊపిరితిత్తుల్లో అడ్డం పడి ప్రాణం మీదికి వస్తే, గడ్డను త్వరగా కరిగించే మందు వేరే ఉంది. దాన్ని పెద్ద ఆస్పత్రిలోనే ఇస్తారు.

ఎలుకల మందు మనుషులకా?

వార్ఫరిన్ గురించి ఎవరో ఒకరు మీతో అంటారు. "అది ఎలుకల మందు! తినకు" అంటారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ అది సగం నిజమే. అసలు కథ వినండి.

1920ల నాటి సంగతి. అమెరికా, కెనడా దేశాల్లో పశువులకు వింత జబ్బు వచ్చింది. చిన్న గాయమైనా రక్తం ఆగేది కాదు. కొమ్ము కోసినా, దెబ్బ తగిలినా రక్తం కారి కారి చచ్చిపోయేవి. ఆ పశువులు తిన్నది తీపి క్లోవర్ అనే గడ్డి. మంచి గడ్డి తిన్నవాటికి ఏమీ కాలేదు. తడిసి బూజు పట్టిన గడ్డి తిన్నవాటికే జబ్బు వచ్చింది.

1933లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక రైతు విసిగిపోయాడు. చచ్చిన పెయ్యనూ, ఆ గడ్డినీ బండిలో వేసుకున్నాడు. పాల క్యానులో గడ్డ కట్టని రక్తం పట్టుకున్నాడు. మంచు తుఫానులో విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. అక్కడ కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త ఉన్నాడు. ఆయనా, ఆయన తోటివాళ్లూ ఏళ్ల తరబడి పని చేశారు. బూజు గడ్డిలో రక్తాన్ని గడ్డ కట్టనివ్వని పదార్థం ఏదో కనిపెట్టారు.

దాని నుంచే తరువాత వార్ఫరిన్ తయారైంది. 1948లో దాన్ని ఎలుకల మందుగా అమ్మారు. 1954లో మనుషుల వైద్యానికి అనుమతి దొరికింది. అప్పటినుంచి అది ఎంతోమంది ప్రాణాలు నిలబెట్టింది.

ఎక్కువైతే విషం. తగినంత అయితే మందు. ఆ "తగినంత" ఎంత? అది తెలుసుకోవడానికే రక్త పరీక్ష చేస్తారు. దాని పేరు ఐఎన్ఆర్. మందు వాడనివాళ్లకు ఇది సుమారు 1 ఉంటుంది. మందు వాడేవాళ్లలో చాలామందికి 2కూ 3కూ మధ్య ఉండాలి. 2 కంటే తగ్గితే గడ్డ కట్టవచ్చు. 3 దాటితే రక్తస్రావం కావచ్చు. పరీక్ష చూసి డాక్టరు మందు పెంచుతారు, తగ్గిస్తారు.

మీకు చదువు వచ్చింది. ఇక్కడే పనికొస్తుంది

వార్ఫరిన్ బిళ్లలు ఒకే రకం ఉండవు. 1 మిల్లీగ్రాము బిళ్ల ఉంది. 2 ఉంది. 5 ఉంది. 1 వేసుకోవలసిన చోట 5 వేసుకుంటే ప్రమాదం. కొట్లో బిళ్ల ఇవ్వగానే దాని మీది అంకె చదవండి. చీటీలోని అంకెతో సరిచూడండి. అంకె కలవకపోతే అక్కడే అడగండి.

ఇంట్లో క్యాలెండరు ఉంటుంది కదా! రోజూ బిళ్ల వేసుకోగానే ఆ తేదీ మీద గీత పెట్టండి. రోజూ ఒకే వేళకు వేసుకోండి. మరిచిపోయి అదే రోజు గుర్తొస్తే వేసుకోవచ్చు. తెల్లవారాక గుర్తొస్తే ఆ బిళ్ల వదిలేయాలి. రెండు రోజులవి కలిపి ఎప్పుడూ మింగకూడదు. పరీక్ష చేయించిన తేదీ, ఐఎన్ఆర్ అంకె ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఆస్పత్రికి పోయినప్పుడు ఆ పుస్తకం చూపించండి.

ఇంకొన్ని జాగ్రత్తలు:
• ఆకుకూరలు మానొద్దు. పాలకూర, తోటకూర, మునగాకు ఈ మందు బలాన్ని తగ్గిస్తాయి. అందుకని వారం రోజులు అసలు తినకుండా, ఒక్క రోజే గిన్నెడు తినొద్దు. ఎప్పుడూ ఒకే మోతాదులో తినండి.
• ఒళ్లు నొప్పులకు కొట్లో బిళ్ల కొని వేసుకోవద్దు. కొన్ని నొప్పి బిళ్లలు రక్తస్రావాన్ని పెంచుతాయి. నాటుమందులు కూడా డాక్టరును అడగకుండా తినొద్దు.
• ఎవరు సూది వేయబోయినా, పన్ను పీకబోయినా "నేను గడ్డ కట్టకుండా మందు వాడుతున్నాను" అని చెప్పండి.
• వార్ఫరిన్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. ఈ మందు వాడుతున్నప్పుడు గర్భం రాకుండా చూసుకోండి. నెల తప్పితే వెంటనే డాక్టరుకు చెప్పండి. వేరే మందు ఇస్తారు.
• చిగుళ్ల నుంచి రక్తం వస్తే, మూత్రం ఎర్రగా వస్తే, విరేచనం తారులా నల్లగా అయితే, ముట్టు రక్తం మరీ ఎక్కువైతే, తలకు దెబ్బ తగిలితే వెంటనే ఆస్పత్రికి పోండి.

రాకుండా ఏం చేయాలి?

మన పిక్కలో గట్టి కండరం ఉంది. అది బోరింగు లాంటిది. బోరింగు కొడితే నీళ్లు పైకి వస్తాయి. నడిస్తే పిక్క కండరం బిగుసుకుంటుంది, వదులవుతుంది. రక్తం పైకి పోతుంది. కదలకుండా పడుకుంటే బోరింగు ఆగిపోయినట్టే.

బాలింతకు విశ్రాంతి కావాలి. బరువు పనులు చెప్పకూడదు. వేడి వేడి తిండి పెట్టాలి. ఇవన్నీ మన పెద్దలు నేర్పిన మంచి అలవాట్లు. కానీ మంచం దిగనివ్వకపోవడం మంచిది కాదు. డాక్టరు చెప్పిన వెంటనే లేచి నాలుగు అడుగులు వేయాలి. ఆపరేషన్ అయినవాళ్లు కూడా ఇంకొకరి సాయంతో నడవాలి. పడుకున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించాలి.

బాలింతకు నీళ్లు ఇస్తే పొట్ట పెరుగుతుందని కొందరు నీళ్లు తగ్గిస్తారు. ఇది తప్పు. నీళ్లు చాలకపోతే ఒళ్లు ఎండిపోతుంది. గడ్డ కట్టే ప్రమాదం పెరుగుతుంది. దాహమైనప్పుడల్లా కాచి చల్లార్చిన నీళ్లు తాగాలి.

దూర ప్రయాణంలో మధ్య మధ్య లేచి నడవండి. లేవడానికి వీలు కాకపోతే కూర్చునే పాదాలు ఆడించండి.

గుర్తుంచుకోండి

1. ఒక కాలు వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే అది మామూలు బాలింత వాపు కాదు. ఆ రోజే ఆస్పత్రికి పోవాలి.
2. వాచిన కాలిని రుద్దకూడదు, పిసకకూడదు.
3. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే 108కు ఫోను చేయాలి.
4. వాపు తగ్గినా మందు మానకూడదు.
5. బాలింత నడవాలి. నీళ్లు తాగాలి.

కొత్త మాటలు చదవండి, రాయండి

రక్తనాళం, సిర, ప్లేట్‌లెట్లు, ఊపిరితిత్తులు, స్కానింగ్, హెపారిన్, వార్ఫరిన్, మోతాదు

ఖాళీలు నింపండి

1. గుండెకు రక్తాన్ని తిరిగి తెచ్చే నాళాలను ............ అంటారు.
2. కాన్పు తరువాత ............ వారాల దాకా జాగ్రత్తగా ఉండాలి.
3. వార్ఫరిన్ వాడేవాళ్లు చేయించుకునే రక్త పరీక్ష పేరు ............ .
4. మన పిక్క కండరం ............ లాంటిది.

కలిసి మాట్లాడుకోండి

మీ ఊళ్లో బాలింతను ఎన్ని రోజులు మంచం మీదే ఉంచుతారు? నీళ్లు ఎన్నిసార్లు ఇస్తారు? మీ అలవాట్లలో ఏవి ఉంచుకోవాలి? ఏవి మార్చుకోవాలి? రాత్రిపూట బాలింతకు ఆయాసం వస్తే మీ వాడలో ఫోను ఎవరింట్లో ఉంది? ఆస్పత్రికి తోడు ఎవరు పోతారు? ఇప్పుడే అనుకుని, పలక మీద రాయండి.

ఈ పాఠం మీ ఇంట్లో చదువు రానివాళ్లకు చదివి వినిపించండి. ముఖ్యంగా పురుడు పోసే పెద్దవాళ్లకు వినిపించండి.